బండి దాటట్లేదండి

నేను మాట్లాడడం తక్కువ. మా ఇంట్లో ఆ పని మా ఆవిడ నూకాలు చూసుకుంటుంది. పాలవాడితో, పన్ను వసూలుకొచ్చేవాళ్ళతో, చుట్టాలతో, చివరికి దేవుడితో కూడా ఆవిడే మాట్లాడుతుంది. నేను ఇస్త్రీ చేస్తాను. ఇస్త్రీ పెట్టెకి మాటలతో పనిలేదు.

అలాంటి నేను ఒక సోమవారం మునిసిపాలిటీకి వెళ్ళి ఫిర్యాదు చెప్పాల్సి వచ్చింది. నూకాలుకి గొంతు పోయింది మరి. ఎందుకు పోయిందంటే, అంతకుముందు వారమంతా మా వీధి మొగలో విరిగిన పలక గురించి కనపడిన ప్రతివాడి మీదా అరిచింది.

మా వీధికీ పెద్ద రోడ్డుకీ మధ్య మురుగుకాలువ. దాని మీద సిమెంటు పలక. మునిసిపాలిటీ వారి చెత్త లారీయే దాని మీదికెక్కి విరగ్గొట్టి, తను మాత్రం క్షేమంగా వెళ్ళిపోయింది. మనుషులు దూకి దాటుతున్నారు. నా ఇస్త్రీ బండి దూకలేదు. బట్టలిచ్చే అపార్టుమెంట్లన్నీ అవతల, బండేమో ఇవతల. గేటు పక్కన నా బండి నిలబెట్టుకునే చోటు ఖాళీగా ఉండేసరికి, నెలాఖరుకి నువ్వు రాకపోతే అక్కడ బజ్జీల బండి పెట్టిస్తామని అపార్టుమెంటు వాళ్ళు కబురంపారు. ముప్ఫై ఏళ్ళుగా నేను నిలబడ్డ చోటు అది.

సరిగ్గా ఆ రోజుల్లోనే పైనుంచి ఒక ఉత్తర్వు వచ్చిందట. అధికారులు ప్రజల గోడు వినడం లేదన్న అపవాదు ఉన్నదనీ, వినికిడిని మెరుగుపరచుకొనుటకు తగు చర్యలు చేపట్టవలెననీ అందులో ఉంది. మా మునిసిపాలిటీ ప్రత్యేకాధికారి హేరంబరావుగారు దాన్ని చదివి, తలుపు వేసుకుని ఆలోచించి, లోపం చెవుల్లో ఉందని తేల్చారు. పెద్ద పెద్ద గాయకులు వేదికల మీద చెవుల్లో పెట్టుకుంటారే, ఇన్-ఇయర్ మానిటర్లు, అవి మేలైనవి మూడు రకాలు తెప్పించారు. ఏ రకంలో ప్రజల గోడు స్వచ్ఛంగా వినపడుతుందో తేల్చడానికి ఒక సంఘం వేశారు. దాని పేరు శ్రవణ సాధనాల తులనాత్మక పరిశీలనా సంఘం. అధ్యక్షులు హేరంబరావుగారు. సభ్యులు ఇంజనీరు దినకరంగారూ, లెక్కల విభాగం స్వరాజ్యలక్ష్మిగారూ. హైదరాబాదు నుంచి కౌండిన్య అని ఒక ధ్వని సలహాదారుని రప్పించారు. జుట్టు ముడేసుకున్న మనిషి. పాపం మంచివాడు.

నేను గుమ్మంలో అడుగు పెట్టేసరికి వాళ్ళందరూ నా కోసమే కాచుకుని ఉన్నారు. తలుపు తోసుకుని మొదట ఎవరొస్తే ఆ గొంతే నమూనా అని నిర్ణయించుకున్నారట.

"ఏం పెద్దాయనా, ఏమిటి నీ గోడు?" అన్నారు హేరంబరావుగారు.

"బండి దాటట్లేదండి," అన్నాను.

నేను చెప్పాల్సింది అంతే. వెనక్కి తిరిగాను.

"ఆగాగు! ఎక్కడికి? ఆ మాట మళ్ళీ అను. ఇదిగో, ఈ మైకులో."

కౌండిన్య నా చెంపకి బఠాణీ గింజంత మైకు ఒకటి అతికించాడు. "నోట్లోంచి వచ్చిందే తీసుకుంటుంది బాబాయిగారూ, చుట్టుపక్కల ఏం జరిగినా దీనికి పట్టదు," అన్నాడు. వాళ్ళు చెవుల్లో మొదటి రకం పెట్టుకున్నారు. నేను అన్నాను. రెండో రకం పెట్టుకున్నారు. అన్నాను. మూడో రకం. అన్నాను.

"మొదటి దాంట్లో బండి బరువుగా ఉందండి," అన్నారు దినకరంగారు. "రెండో దాంట్లో తేలిపోయింది."

"బరువుగానే ఉండాలి. ఫిర్యాదుకు బరువు ప్రధానం," అన్నారు హేరంబరావుగారు.

స్వరాజ్యలక్ష్మిగారు కళ్ళు తుడుచుకున్నారు. "నాకు మూడో దాంట్లో 'లేదండి' అన్నచోట వెనకాల ఒక పెద్ద ఖాళీ వినపడిందండి. మైదానం మధ్యలో ఒక్కడే నిలబడి చెప్పుకుంటున్నట్టు."

"దాన్ని విశాలత అంటారు మేడమ్," అన్నాడు కౌండిన్య.

"విశాలత. రాసుకోండి," అన్నారు హేరంబరావుగారు.

నేను కాసేపు నిలబడ్డాను. "మరి బండి సంగతండి?" అన్నాను.

"ఏ బండి?" అన్నారు ఇంజనీరుగారు.

"నేను చెప్పిన బండండి."

"అదా! చాలా బాగా వచ్చిందయ్యా. రేపు పదింటికి రా."

ఇంటికి వెళ్ళాను. నూకాలు గుసగుసగా అడిగింది, ఆవిడ గొంతు అంతవరకే వస్తోంది. "విన్నారా?"

"విన్నారు."

"ఏవన్నారు?"

"బాగుందన్నారు."

"ఏంటి బాగుంది మావా?"

"నా గొంతు."

నూకాలు నా మొహంలోకి చూసింది. గొంతు ఉంటే ఏమనేదో నాకు తెలుసు. లేకపోవడం వల్ల తల కొట్టుకుని ఊరుకుంది.

మర్నాటి నుంచి పని పకడ్బందీగా సాగింది. ఏ రకం చెవిలో ఉందో కంటికి తెలిస్తే దాని రంగు చూసి మనసు మోసపోతుందని కౌండిన్య చెప్పాడు. రంగులు నిజంగానే బాగున్నాయి. ఒకటి వెండి రంగు, ఒకటి నల్ల చెక్క, ఒకటి బంగారు తీగ. కాబట్టి కళ్ళకి గంతలు కట్టుకుని వినాలి. గంతలకి నల్లగుడ్డ తెచ్చారు. ముడతలుంటే చెంపకి గుచ్చుకుంటాయని నా చేతే ఇస్త్రీ చేయించారు. ఆ విధంగా మా మునిసిపాలిటీ వారు కళ్ళకి గంతలు కట్టుకుని, చెవుల్లో బిరడాలు పెట్టుకుని, ప్రజల గోడు వినడం మొదలుపెట్టారు.

నాకు మర్యాదలు కూడా బాగానే జరిగాయి. గొంతు చెడకుండా చల్లనీళ్ళు మాన్పించి వేణ్ణీళ్ళిచ్చారు. పొద్దున్నే అల్లం చట్నీతో పెసరట్టు. పదకొండింటికి మిరియాల పాలు. నేను రోజంతా "బండి దాటట్లేదండి" అనడం, వాళ్ళు గంతల కింద నిట్టూర్చడం.

"ఫిర్యాదుకెళ్ళి ఒళ్ళు చేసిన మొగుణ్ణి నిన్నే చూశా," అంది నూకాలు. అప్పటికి గొంతు సగం వచ్చింది.

ఇంతలో ఒక ప్రమాదం తప్పింది. తప్పిందని వాళ్ళన్నారు. పక్క వీధిలో కాలువ పనిచేస్తున్న మేస్త్రి, కంకర కాస్త మిగిలితే, మా మొగలో నూకాలు పడే యాతన చూడలేక, పలక పోసేస్తానని చెక్కలు బిగించడం మొదలుపెట్టాడు. హేరంబరావుగారికి కబురు తెలిసి జీపు వేసుకుని పరుగున వచ్చారు.

"ఏం చేస్తున్నావయ్యా నువ్వు? ఎవరిచ్చారు అనుమతి?"

"విరిగింది కదండి, బాగుచేద్దారని..."

"బాగుచేస్తే బండి దాటుతుందా లేదా?"

"దాటుద్దండి."

"దాటితే ఇతను 'దాటట్లేదండి' అనేది అబద్ధం అవుతుందా కాదా? సాక్షాత్తూ ప్రభుత్వ సాధనాల్లోకి అబద్ధం పంపుతావా? పైగా ఆ గొంతులో బాధ ఏమవుతుంది? ఇన్నాళ్ళ పరిశీలన గంగపాలు కాదూ?"

మేస్త్రి చెక్కలు విప్పుకుని పోయాడు. ఆ సాయంత్రమే అక్కడ ఒక బోర్డు పాతారు.

నమూనా ఫిర్యాదు ప్రదేశము. యథాతథ స్థితి కొనసాగించవలెను. బాగుచేయువారు శిక్షార్హులు.

బోర్డు పక్కన ఒక మడతకుర్చీ, దాంట్లో కాపలాకి గంగరాజు. ఎవరైనా కాలువ దూకబోతే చెయ్యి పట్టుకుని దాటించేవాడు. అది శిక్షార్హమో కాదో బోర్డులో లేదు.

"నా పలక విరిగితే దానికి కాపలాయా?" అంది నూకాలు. "బాగున్నప్పుడు ఈ గంగరాజుని పెట్టుంటే ఆ లారీ ఎక్కేదా?"

"నాదేవుంది అక్కా, కూర్చోమన్నారు, కూర్చున్నా," అన్నాడు గంగరాజు.

తర్వాతి వారంలో కొత్త చిక్కు వచ్చింది. విని విని హేరంబరావుగారు గంతలు విప్పి బల్ల గుద్దారు.

"ఫిర్యాదుదారుని కంఠమునందు ఆవేదన క్షీణించుచున్నది!"

"నాకూ అలాగే అనిపించిందండి," అన్నారు దినకరంగారు. "నిన్న మూడో రకంలో అయితే 'దాటట్లేదండి' అనేది 'భోంచేశారా' అన్నట్టు వినపడింది."

కారణం వెతికారు. పెసరట్టు దగ్గర తేలింది. వెంటనే పెసరట్టు ఆపేశారు, మిరియాల పాలు ఆపేశారు. అయినా ఆవేదన తిరిగిరాలేదు. ఏసీ గదిలో కూర్చోబెట్టి ఆవేదన పడమంటే ఎవడు మాత్రం పడగలడు? ఫిర్యాదును దాని సహజ వాతావరణంలోనే వినాలని సంఘం తీర్మానించింది. ఆఖరి పరీక్ష మా వీధి మొగలో, విరిగిన పలక ఎదురుగా. తేదీ చూస్తే నెలాఖరు. అపార్టుమెంటు గేటు దగ్గర అప్పటికే బజ్జీల బండివాడు వచ్చి చోటు కొలుచుకుని పోయాడు.

ఆ మాట విన్న రోజే నూకాలు గొంతు పూర్తిగా వచ్చింది. తిన్నగా మునిసిపాలిటీకి వెళ్ళింది. గంటకి తిరిగొచ్చి గుమ్మంలో చతికిలబడింది.

"ఏమైంది?" అన్నాను.

"ఏవవుద్ది? నేనెళ్ళేసరికి నీ గొంతు రికార్డు ఏసుకుని, బిరడాలు బిగించుకుని గంతలు కట్టుకునున్నారు. ఎదురుగా నిలబడి కడుపులో ఉన్నదంతా కక్కేశా మావా. ఆళ్ళ వంశాలన్నీ ఏకరువు పెట్టా. ఒక్కడన్నా కదిలితే ఒట్టు! ఆ జుట్టుముడి అబ్బాయి ఒక్కడే భయపడి మంచినీళ్ళిచ్చాడు. ఆ బిరడాల గొప్పే అదంట, బయటి చప్పుడు చీమంత కూడా లోపలికి రాదంట."

అని ఆగింది. కాసేపు ఎటో చూసింది. తర్వాత నా వైపు చూసింది. నూకాలు అలా చూసిన ప్రతిసారీ నాకు పని పడుతుంది.

"రేపు ఇక్కడ కూడా అలాగే కూర్చుంటారా?"

"కూర్చుంటారు."

"గంతలతో? బిరడాలతో?"

"ఊఁ."

"అబ్బులు షెడ్డులో పలక ఉంది మావా. కొలతకి కొలత సరిపోద్ది."

అబ్బులు మా వీధి చివర బావి వరలు, సిమెంటు పలకలు పోసి అమ్ముతాడు. అతనికో ట్రాక్టరు, దాని వెనకాల బరువులెత్తే కొక్కెం ఉన్నాయి. మోత ఊరికంతా వినిపిస్తుంది.

"నా వంతేంటి?" అన్నాను.

"మాట్లాడాలి."

"ఎంతసేపు?"

"పలక పడేదాకా."

దానికన్నా పలక నెత్తిన పెట్టుకుని మోయమన్నా మోసేవాణ్ణి. ఆ మాటే చెప్పాను. నూకాలు వినలేదు.

మర్నాడు కాలువ ఒడ్డున షామియానా వేశారు. సంఘం వారు కుర్చీల్లో కూర్చున్నారు, వీపులు కాలువ వైపు, మొహాలు నా వైపు. నేనేమో కాలువ వైపు చూస్తూ కూర్చున్నాను. నమూనా మనిషి తన సమస్యను చూస్తూ చెబితే ఆవేదన బాగా వస్తుందని హేరంబరావుగారే అలా వేయించారు. గంతలు కట్టుకున్నారు. బిరడాలు పెట్టుకున్నారు. రకాలు మార్చేవాడికి కళ్ళుండాలి కాబట్టి కౌండిన్యకి మాత్రం గంతల్లేవు.

"ఊఁ, కానీ పెద్దాయనా."

"బండి దాటట్లేదండి," అన్నాను.

వీధి మలుపులో ట్రాక్టరు కనపడింది. కొక్కేనికి పలక వేలాడుతోంది. వెనకాల వీధి వీధంతా ఉంది. గంగరాజు లేచి బోర్డు పీకి, కుర్చీ మడతపెట్టి పక్కనపెట్టాడు. కౌండిన్య అటు చూశాడు. ట్రాక్టరు వైపు, పలక వైపు, తర్వాత నా వైపు. చెయ్యి మెల్లగా ఎదురుగా ఉన్న తన ధ్వని పెట్టె మీదికి పోయింది. పెట్టె కట్టేస్తాడనుకున్నాను. శబ్దం కాస్త పెంచాడు.

"బాబాయిగారూ, ఆపకండి," అన్నాడు.

"బండి దాటట్లేదండి. ఆ బండి మా నాన్న చేయించిందండి. చక్రాలు పాత సోడాబండివండి. ఒకటి పెద్దది, ఒకటి చిన్నదండి. అందుకని అది ఎప్పుడూ ఎడమకి లాగుద్దండి..."

ట్రాక్టరు సరిగ్గా వాళ్ళ వీపుల వెనక్కి వచ్చి గర్జించింది. నేల అదిరింది. కుర్చీలు అదిరాయి.

హేరంబరావుగారి మొహం విచ్చుకుంది. "ఆహా! ఏమి మంద్రస్వరం! కుర్చీ కూడా కంపిస్తోందయ్యా దినకరం!" అని అరిచారు. దినకరంగారికి అది వినపడలేదు. ఆయన ఆనందం ఆయన పడుతున్నారు.

నేను బొగ్గుల గురించి చెప్పాను. చెరువుమట్టి అంటిన పంచె ఎలా ఉంటుందో చెప్పాను. హేరంబరావుగారి చొక్కా జేబుకి సిరామరక ఉంటుందనీ, దాని మీద ఇస్త్రీ పెట్టె పెడితే అది ముదురుతుందనీ చెప్పాను. ఆయన తల ఊపారు, "స్పష్టత, స్పష్టత," అన్నారు. బజ్జీల బండివాడు చోటు కొలిచిన సంగతి చెప్పాను. అక్కడితో నా మాటలు అయిపోయాయి. పలక ఇంకా గాలిలోనే ఉంది.

దినకరంగారి చెయ్యి గంత మీదికి పోతోంది.

ఏం చెప్పాలో తోచక ఎదురుగా చూశాను. ఎదురుగా నూకాలు ఉంది. కాలువ అంచున నిలబడి, కొంగు నడుముకి చుట్టి, రెండు చేతులతో ట్రాక్టరుకి సైగలు చేస్తోంది.

"మా ఆవిడ పేరు నూకాలండి," అన్నాను. "నాకు మాట రాదని మా మావ పిల్లనివ్వనన్నాడండి. మాటలు నా దగ్గర ఉన్నాయి, ఇతనికెందుకు అని తనే చెప్పి చేసుకుందండి."

దినకరంగారి చెయ్యి కిందికి దిగింది.

"ఇస్త్రీ నేను చేస్తానండి, మడత తను పెడద్దండి. అందరూ నా ఇస్త్రీ బాగుందంటారు. కాదండి. మా నూకాలు మడతపెట్టిన చీరకి ఇస్త్రీ అక్కర్లేదండి. ఈ ముక్క ఇన్నేళ్ళలో తనకి చెప్పలేదండి. చెబుదామనుకునేసరికి తనే ఏదోటి మాట్లాడుతుంటదండి."

నూకాలు చెయ్యి గాలిలోనే ఆగిపోయింది. పలకా ఆగిపోయింది.

"అక్కా! దించాలా, ఎత్తాలా?" అని అబ్బులు ట్రాక్టరు మీంచి అరిచాడు.

నూకాలు కొంగుతో మొహం తుడుచుకుంది. "దించరా, దించు! నన్నేం చూస్తావు, పలకని చూడు!" అంది.

పలక పడింది. ఆ అదురుకి షామియానా గుంజలు ఊగాయి. స్వరాజ్యలక్ష్మిగారు గుండె మీద చెయ్యేసుకుని, "నూకాలు అన్న చోట ఏం లోతండీ!" అన్నారు, కన్నీళ్ళతో.

గంగరాజూ నలుగురూ కలిసి నా బండిని తోశారు. అది ఎడమకి లాగింది. నూకాలు కుడివైపు నుంచి భుజం ఆనించింది. దాటింది. రోడ్డు దాటి అపార్టుమెంటు గేటు పక్కన తన చోటులో వెళ్ళి నిలబడింది. ట్రాక్టరు మలుపు తిరిగి వెళ్ళిపోయింది.

"బండి దాటట్లేదండి," అన్నాను నేను, ఆఖరిసారి. ఆపేశాను.

గంతలు విప్పారు. బిరడాలు తీశారు. హేరంబరావుగారు వెనక్కి తిరిగి కాలువ చూశారు. పలక చూశారు. రోడ్డు అవతల బండి చూశారు. గంగరాజు మడతకుర్చీని చంకలో పెట్టుకుని ఆకాశం చూస్తున్నాడు.

"ఏమయ్యా పెద్దాయనా, బండి దాటట్లేదన్నావు."

"అప్పుడు దాటలేదండి."

"ఎప్పుడు?"

"తమరు వినక ముందండి."

ఆయన దాన్ని నోట్లో పెట్టుకుని నమిలినట్టు ఆలోచించారు. కనుబొమలు మెల్లగా పైకి లేచాయి.

"అంటే, మనం విన్నాక దాటింది."

"చిత్తమండి."

"దినకరం! అప్పుడు చెవిలో ఉన్నది ఏ రకం?"

"మూడో రకమండి," అన్నాడు కౌండిన్య. నేల చూస్తూ నవ్వు ఆపుకుంటున్నాడు.

నివేదిక వారం తిరక్కుండా పైకి వెళ్ళింది. తృతీయ శ్రవణ సాధనము ద్వారా ఏకాగ్రతతో ఆలకించుచుండగానే సమస్య దానంతట అదే పరిష్కృతమైనదనీ, ప్రజల గోడు నిజముగా వినినచో ఇతర చర్యల అవసరమే ఉండదనీ అందులో రాశారట. పైవారు మెచ్చుకున్నారు. బంగారు తీగ రకం ప్రతి వార్డుకీ ఇచ్చారు. వారానికో వీధిలో షామియానా వేసి వింటున్నారు.

ఊరు కూడా ఆ పద్ధతికి అలవాటు పడింది. మొన్న కుళాయి పగిలిన పేట వాళ్ళు రిటైరైన బస్సు కండక్టరు ఒకాయన్ని మాట్లాడడానికి కూర్చోబెట్టుకున్నారు. ఆయన తన సర్వీసంతా చెప్పేలోపు కుళాయితో పాటు వీధి దీపాలు కూడా వేసేసుకున్నారు. ఇంత బాగా వినే అధికారులు ఎక్కడా ఉండరని అందరూ అంటున్నారు. అందులో అబద్ధమేమీ లేదు.

కౌండిన్య ఊరెళ్ళే రోజు చొక్కా ఇస్త్రీకి నా బండి దగ్గరికి వచ్చాడు. నూకాలు పక్కనే మడతలు పెడుతోంది. ఆవేళ్టి నుంచి నన్ను ఒకటే అడుగుతోంది. ట్రాక్టరు మోతలో సగమే వినపడింది, మళ్ళీ చెప్పు అని. నేను, బండి దాటిందిగా, అంటున్నాను.

"పిన్నిగారూ, అది మొత్తం నా దగ్గర ఉంది," అన్నాడు కౌండిన్య. సంచిలోంచి మూడు రకాలూ తీశాడు.

నూకాలు చెయ్యి తుడుచుకుని వెండి రంగుది చెవుల్లో పెట్టుకుంది. గంతలేమీ కట్టుకోలేదు, కళ్ళు మాత్రం తనే మూసుకుంది. విన్నది. తీసి నల్ల చెక్కది పెట్టుకుంది. విన్నది. బంగారు తీగది పెట్టుకుని మరీ ఎక్కువసేపు విన్నది. నేను చొక్కా కాలరు దగ్గర తచ్చాడుతున్నాను.

"ఏది బాగుందండి?" అన్నాడు కౌండిన్య, ఆత్రంగా. ఎంతైనా అతని పని అది.

నూకాలు బిరడాలు తీసి అతని చేతిలో పెట్టింది.

"అన్నిట్లోనూ ఒకటే చెప్పాడు బాబూ," అంది. నా వైపు తిరిగింది. చెవి మీద జుట్టు వెనక్కి తోసుకుంది. "ఏదీ, ఇప్పుడు ఉత్త చెవికి చెప్పు."

ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టి, చెప్పాను. నేను చెప్పినంతసేపూ తను ఒక్క మాటా మాట్లాడలేదు.